మూడో పిలుపు

ఆ శనివారం పొద్దున నఖ్లే వేసుకున్న పథకం చాలా చిన్నది. పొయ్యిలో కట్టెలు వెయ్యాలి, కాఫీ కాచుకోవాలి, ఒక ఆట పేకాడాలి, చర్చి ముందున్న మైదానం దాకా వెళ్లి మంచు తోసే బండి వచ్చిందో లేదో చూసి రావాలి. పేకకి ఇద్దరు కావాలి గనక రెండు చేతుల ముక్కలూ ఆయనే పంచుకునేవాడు. ఎదుటి కుర్చీ ముక్కల్లోకి తొంగిచూసి మరీ ఆడేవాడు. అయినా ఒక్కోసారి ఎదుటి కుర్చీయే గెలిచేది. అలాంటి రోజున ఆయనకి భోజనం సయించేది కాదు.

ఐన్ తల్లా కొండ మీది ఊరు. మంచు పడగానే ఊరు ఊరంతా తలుపులకి తాళాలు బిగించి సముద్రం ఒడ్డున ఉన్న రెండో ఇళ్లకి దిగిపోతుంది. మళ్లీ ఆపిల్ చెట్లు పూతకొచ్చాకే పైకి రావడం. నఖ్లేకి కింద రెండో ఇల్లు లేదు. జీవితమంతా ఓ చిన్న పట్నంలో క్షౌరశాల నడిపి, చేతులు వణకడం మొదలుపెట్టాక తాతలనాటి ఈ కొంపకి వచ్చి చేరాడు. క్షురకుడికి మాట ఎంత అవసరమో తలకాయా అంత అవసరం. చలికాలంలో ఊళ్లో మిగిలిన తలకాయ ఒక్కటే, అదీ ఆయనదే. దానిమీదా వెంట్రుకలు లేవు.

నిజానికి ఆయన ఇక్కడ ఉండిపోవాలని అనుకోలేదు. తొలి మంచు పడ్డ రోజున స్నేహితుడు ఆసాఫ్ కారుకి సామాను కట్టుకుంటూ, "నువ్వూ రారా, మా ఇంట్లో ఓ గది ఖాళీగానే ఉందిగా" అన్నాడు.

"అబ్బే, ఎందుకులే" అన్నాడు నఖ్లే.

"రారా అంటుంటే!"

"వద్దులేరా. నాకిక్కడ బానే ఉంటుంది."

మా కొండల్లో మొదటి పిలుపుకే ఒప్పుకున్నవాణ్ణి ఆశపోతు అంటారు. రెండో పిలుపుకి ఒప్పుకుంటే, పాపం ఇంట్లో ఏమీ లేదు కాబోలు అనుకుంటారు. పరువుగల మనిషి మూడో పిలుపు దాకా ఆగి, ‘నువ్వింతగా అంటున్నావు గనక’ అని సణుగుతూ లేస్తాడు. నఖ్లే ముందురోజే సంచి సర్దుకుని తలుపు వెనక పెట్టుకున్నాడు. మూడో పిలుపు ఆసాఫ్ నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆసాఫ్ చెయ్యి ఊపి, బండెక్కి వెళ్లిపోయాడు. ఆ సంచి ఇంకా తలుపు వెనకే ఉంది. ఒక్క కారు హారన్ వల్ల మనిషి చలికాలమంతా ఒంటరివాడైపోయాడు.

ఆ శనివారం మైదానంలో మంచు తోసే బండి లేదు, బీరూట్ నుంచి వచ్చిన వ్యాను ఉంది. దాని పక్కన ముగ్గురు స్నేహితులు, మంచులో కాలు దిగబడకుండా కట్టుకునే వెడల్పాటి జోళ్లు ముందేసుకుని నిలబడ్డారు. బ్యాంకు ఉద్యోగి సిరీల్ వాళ్లకి నాయకుడు. పళ్ల డాక్టరు లమా వాళ్లకి బుర్ర. తిండి సంచీ మోసే లావుపాటి ఘస్సాన్ వాళ్లకి పొట్ట. ఒంటె వీపు అనే శిఖరం అంచున నడిచి రావాలని వచ్చారు. దారి చూపడానికి పక్క ఊరి నుంచి సర్కిస్ అనే ఆయన రావాలి. ఫోనులో గొంతు వినడమే గాని ఆయన మొహం ముగ్గురిలో ఎవరూ చూడలేదు.

చేతికర్రతో, ఉన్నిటోపీతో వస్తున్న నఖ్లేని చూసి ఘస్సాన్, నోట్లో జాతర్ ఆకుపొడి చల్లిన రొట్టె ఉండగానే, "రండి బాబాయ్, మాతో దయచేయండి!" అన్నాడు. దారిన పోయే ఎవరితోనైనా అనే మాటే అది. ఆ దారినపోయేవాడు గుండె మీద చెయ్యి వేసుకుని, చల్లగా ఉండండి నాయనా అని సాగిపోవాలి.

"వస్తున్నా" అన్నాడు నఖ్లే.

రొట్టె ఘస్సాన్ గొంతులో అడ్డం పడింది. లమా గొంతు తగ్గించి, "ఈయనే సర్కిస్. పని ఒప్పుకున్నవాడు గనకే మొదటి పిలుపుకి వస్తానన్నాడు. లేకపోతే ఎవరైనా అలా అంటారా?" అంది. మిగతా ఇద్దరికీ ఇందులో వంక దొరకలేదు. పెద్దాయన్ని పట్టుకుని ‘ఇంతకీ మీరెవరు’ అని అడిగే పెంపకం కాదు వాళ్లది.

"మీ గురించి చాలా విన్నాం. మీ చేతిలో పడితే ఇంక చూసుకోనక్కర్లేదటగా" అన్నాడు సిరీల్.

నఖ్లేకి కళ్లు చెమ్మగిల్లాయి. తన కత్తెర పేరు బీరూట్ దాకా పాకిందని ఆయనకి తెలియదు. సిరీల్ నడినెత్తి కేసి చూసి, "ఏదో మీ అభిమానం. పైన కాస్త పలచబడుతోంది బాబూ, దాని సంగతి చూడాలి" అన్నాడు.

సిరీల్ గాభరాగా తలెత్తి కొండమీది మంచు కేసి చూశాడు. "ప్రమాదమంటారా?"

"అశ్రద్ధ చేస్తే" అన్నాడు నఖ్లే గంభీరంగా.

జలుబు చేసి రాలేకపోయిన నాలుగో స్నేహితుడి జోళ్లు వ్యానులో ఉన్నాయి. వాటిని నఖ్లేకి ఇచ్చారు. ఆయన అలాంటివి ఎన్నడూ తొడిగిన పాపాన పోలేదు. వాటి సన్నటి తోక వెనక్కి ఉండాలన్న సంగతి తెలియక ముందుకొచ్చేలా కట్టుకున్నాడు. లమా అది పట్టేసింది. "చూశారా? ఎక్కేటప్పుడు ఇలా తిప్పి కట్టుకోవాలన్నమాట. ఇన్నాళ్లూ మనమే తప్పు చేశాం!" అంది. ముగ్గురూ విప్పి, మళ్లీ తిప్పి కట్టుకున్నారు.

బయల్దేరేటప్పుడు "ముందు మీరు" అన్నాడు సిరీల్. "అయ్యో, మీరు నడవండి నాయనా" అన్నాడు నఖ్లే. "మీరుండగా మేమా?" అన్నారు ముగ్గురూ. వయసుకి ఇంత విలువ ఇచ్చే పిల్లలు ఇంకా ఉన్నారని మురిసిపోతూ ఆయన ముందు నడిచాడు. ఒంటె వీపుని ఆయన వంటింటి కిటికీలోంచి చూడటమే గాని ఎక్కినవాడు కాదు. చలిగాలి కుడిచెవిని కొరుకుతుంటే ఎడమకి తిరిగాడు. గాలివాటం కనిపెట్టి మలుపు తీసుకున్నాడని సిరీల్ మెచ్చుకున్నాడు. ఆయాసమొచ్చి ఆగితే, "ష్, మంచు చప్పుడు వింటున్నారు" అంది లమా. నాలుగడుగులకోసారి నలుగురిలో ఎవరో ఒకరు బోర్లా పడుతూనే ఉన్నారు. అదీ కొండ పద్ధతే కాబోలని ఎవరూ నోరెత్తలేదు.

శిఖరం అంచున ఒక బండ చాటున కూర్చుని రొట్టెలు విప్పారు. మొదటి ముక్క నఖ్లేకే ఇచ్చారు. ఆయన పట్నం కబుర్లు చెప్తుంటే ముగ్గురూ నవ్వారు, మధ్యలో ప్రశ్నలు కూడా వేశారు. ఎదుటి కుర్చీ మాట్లాడితే ఎలా ఉంటుందో నఖ్లే మరిచేపోయాడు. ఈ కొండ ఇంకాస్త పొడుగుంటే బాగుండునని ఆయనకి మనసారా అనిపించింది.

అంతలో పొగమంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనబడటం లేదు. లమా ఆయన కోటు పట్టుకుని, "ఇప్పుడెటు సర్కిస్ బాబాయ్?" అంది.

ఎవరిని పిలుస్తోందా అని నఖ్లే వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఇంకెవరూ లేరు. సర్కిస్ ఎవరో ఆయనకి తెలుసు. అంతా ఒక్కసారి అర్థమైంది. ఆ ‘ముందు మీరు’లూ, ఆ మొదటి రొట్టె ముక్కా, ఆ నవ్వులూ అన్నీ ఇంకొకడివి. చలి అప్పుడు తెలిసింది ఆయనకి. ఇంకాసేపు సర్కిస్‌గానే ఉండిపోదామా అని కూడా అనిపించింది. కాని ఆ పిల్ల రెండో చేత్తో కూడా ఆయన కోటు పట్టుకుంది.

"నేను సర్కిస్‌ని కాదమ్మా. నఖ్లేని. క్షౌరం చేసేవాణ్ణి."

సిరీల్ చెయ్యి దానంతటదే నడినెత్తి మీదికి వెళ్లింది.

"మరెందుకొచ్చారండీ?" అన్నాడు ఘస్సాన్ ఏడుపు గొంతుతో.

"మీరు పిలిచారుగా."

"పిలుస్తాం! ఎవరైనా పిలుస్తారు! మీరు రాకూడదు కదా!"

"నిజమే నాయనా. కిందటిసారి పిలిచినప్పుడు మర్యాదకి రెండుసార్లు వద్దన్నాను. అప్పట్నుంచీ ఒక్కణ్ణే ఉన్నాను" అన్నాడు నఖ్లే.

ఆ మాటకి ఘస్సాన్ దగ్గర కోపం మిగల్లేదు. ఉన్న ఒక్క రొట్టె తీసి ఆయన చేతిలో పెట్టాడు. అందరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. అలా ఎంతసేపు గడిచిందో గాని, పొగమంచు అడుగునుంచి ఐన్ తల్లా చర్చి గంట వినిపించింది. చలికాలంలో గంట కొట్టే దిక్కులేని ఊరది. ఆ మోత పట్టుకుని, పడుతూ లేస్తూ కిందికి దిగారు.

కింద జరిగిందేమిటంటే, సర్కిస్ ఆలస్యంగా వచ్చాడు. మంచులో నాలుగు జతల అడుగులు శిఖరం నుంచి మైదానానికి దిగివచ్చినట్టున్నాయి, ఎక్కినవి ఒక్కటీ లేవు. కొండెక్కకుండానే దిగినవాళ్లెవరా అని ఊరు గాలించాడు. పొయ్యి వెలుగుతున్న ఇల్లు ఒక్కటే. తలుపు తీసుంది. బల్ల మీద ఇద్దరు ఆడుతూ వదిలేసిన పేకముక్కలు, తలుపు వెనక సర్దిపెట్టిన సంచి. మనిషి లేడు. ఆసాఫ్‌కి ఫోన్ చేశాడు. ఆ కబురు సముద్రం ఒడ్డున నాలుగిళ్లు దాటేసరికి, కొండ దిగి వచ్చిన దొంగలు నఖ్లేని పేకాటలో ఓడించి ఎత్తుకుపోయారని తేలింది. ఊరు ఊరంతా చక్రాలకి గొలుసులు చుట్టుకుని పైకొచ్చింది. గంట తాడు పట్టుకుని వేలాడుతున్నది స్వయంగా చర్చి ఫాదరే.

పొగమంచులోంచి జోళ్లు తిరగేసి కట్టుకున్న నలుగురు బయటికొచ్చారు. వాళ్ల కాళ్లు చూసి సర్కిస్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. తర్వాత కౌగిలింతలూ, కాఫీలూ, తిట్లూ అయ్యాయి. బీరూట్ వాళ్లు వెళ్తూ వెళ్తూ, "మా ఊరొస్తే తప్పకుండా మా ఇంటికి రావాలి బాబాయ్" అన్నారు. తప్పకుండా అన్నాడు నఖ్లే. ఆ పిలుపు ఎలాంటిదో ఆయనకి తెలుసు. వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే నిలబడ్డాడు.

ఆసాఫ్ మాత్రం దూరంగా నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ కాదన్నావు. నా మొహం చూడ్డం ఇష్టం లేదేమో అనుకున్నాను. రోజూ పొద్దుటేళ పేక ముందేసుకుని ఒక్కణ్ణే ఆడుకుంటున్నాను, తెలుసా?" అన్నాడు.

"గెలుస్తున్నావా?"

"లేదురా."

"కారెక్కు" అన్నాడు ఆసాఫ్.

ఈసారి మొదటి పిలుపుకే సరే అందామని నఖ్లే గట్టిగా అనుకున్నాడు. కాని జీవితమంతా అలవాటైన నోరు, "అబ్బే, ఎందుకులే" అనేసింది. అని, భయంగా చుట్టూ చూశాడు. ఎవరూ హారన్ కొట్టలేదు.

ఆసాఫ్ రెండోసారి అడగలేదు. లోపలికెళ్లి తలుపు వెనక సంచి తెచ్చి కారులో పడేశాడు. తర్వాత నఖ్లేని కోటు కాలరు పట్టుకుని ముందు సీట్లో కుక్కి తలుపు వేశాడు.

సముద్రం కనబడేదాకా నఖ్లే సణుగుతూనే ఉన్నాడు, ఆసాఫ్‌కి బొత్తిగా మర్యాద తెలియదని.