నిమియా తిప్పి పంపిన అభ్యర్థి

ఆ రోజు పొద్దున నిమియా గొదోయ్ చేయాల్సిన పని చాలా చిన్నది. పది గంటలలోపు ఎవరో ఒకరికి సీటు లేదని చెప్పాలి, అంతే.

ఆలోచన మాత్రం ఆమెది కాదు, రెక్టరు ఎపిఫానియో కాంతెరో గారిది. విల్యారికా పట్టణంలో, ఐసు ఫ్యాక్టరీ పై అంతస్తులో నడుస్తున్న లోమా ఆసుల్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది ఆయనే. అందులో ప్రవేశాల విభాగం అంటే నిమియా, ఆమె బల్ల, ఆమె కుర్చీ. గుర్తింపు మండలి తరఫున రాజధాని అసున్సియోన్ నుంచి డాక్టర్ ఎఫ్. సారతే వస్తున్నట్టు కబురు అందింది. పరిశీలనలో బాగుందని తేలితే విశ్వవిద్యాలయం ఉంటుంది. లేకపోతే పై అంతస్తులో కూడా ఐసు పెట్టుకుంటారు.

"మనం ఇంతవరకు ఒక్కళ్ళని కూడా కాదనలేదు నిమియా," అన్నాడు రెక్టరు టై సర్దుకుంటూ. "వచ్చినవాళ్ళందరికీ సీటిస్తే దాన్ని ప్రవేశ పరీక్ష అనరు, టికెట్ల కిటికీ అంటారు. ఆ సారతే గారు వచ్చేలోపు ఒకళ్ళని ఫెయిల్ చెయ్యి."

"ఎవర్నండీ?"

"ఎవరైతే ఏం? నీకు నచ్చనివాళ్ళని."

అక్కడే వచ్చింది చిక్కు. నిమియాకు నచ్చనివాళ్ళంటూ ఎవరూ లేరు. ఆ పొద్దున మొదట వచ్చిన కుర్రాడు ఎక్కాల్లో పన్నెండేళ్ళు తొంభై అని రాశాడు. కానీ వాడి ఫీజు కోసం వాళ్ళ అమ్మమ్మ పందిని అమ్మిందట. సీటిచ్చేసింది. రెండో అమ్మాయి ప్రశ్నపత్రం చూడకముందే ఏడుపు మొదలుపెట్టింది. ఆమెతోపాటు నిమియా కూడా కాసేపు ఏడ్చి, సీటిచ్చేసింది.

తొమ్మిది దాటింది. బయట వాన కుండపోతగా కురుస్తోంది. అప్పుడు అరవై దాటిన ఒకావిడ, తడిసిన గొడుగు ఒక చేత్తో, బురద బూట్లున్న ప్లాస్టిక్ సంచి మరో చేత్తో పట్టుకుని మేజోళ్ళతో మెట్లెక్కి వచ్చింది.

"ఇక్కడ చదవడానికి ఎంతవుతుంది? చదివాక ఏమవుతారు? చేరాలంటే ఏం చెయ్యాలి?" అని గుక్కతిప్పుకోకుండా అడిగింది.

"మనవరాలి కోసమా అమ్మా?"

"నాకే అనుకో."

ఈ వయసులో చదువు మీద ఇంత ఆశా అని నిమియా గుండె కరిగిపోయింది. కుర్చీ చూపించి, వేడివేడి మాతే తేనీరు కలిపి చేతికిచ్చింది. అంత మంచిమనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"కరపత్రంలో నెలకి ఆరు లక్షల గ్వారనీలని ఉంటుందమ్మా. పరీక్షలకి వేరే, కంప్యూటర్లకి వేరే, చివర్లో గౌను అద్దె వేరే. అన్నీ కలిపితే ఎనిమిదిన్నర లక్షలు పడుతుంది. ముందే అనుకుని రండి."

"మరి చదివాక?"

నిమియా తన బల్ల వైపు చూపించింది. "నేనూ ఇక్కడే చదివానమ్మా. ఇదిగో, ఇక్కడే కూర్చున్నాను."

ఆవిడ తల పంకించి ప్రశ్నపత్రం అడిగి తీసుకుంది. పది నిమిషాలు కిటికీలోంచి వాన చూసింది. తర్వాత తెల్లకాగితాన్ని ఉన్నదున్నట్టుగా తిరిగి ఇచ్చేసింది.

"ఒక్క ముక్కైనా రాయండమ్మా. కనీసం పేరు."

"పేరు కూడా రాయను. ఇలా ఇస్తే సీటివ్వరా?"

దేవుడే పంపాడని సంతోషించాల్సింది. కానీ నిమియా ఒక్క అక్షరమైనా ఉందేమోనని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవ్వలేనమ్మా."

"ఏడాది ఫీజు మొత్తం ఇప్పుడే కట్టేస్తాను."

"కట్టినా ఇవ్వలేను. కొంచెం చదువుకుని మళ్ళీ రండి. లెక్కలు నేను నేర్పిస్తాను, ఆదివారాలు ఖాళీయే." ఈసారి కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఆవిడే చేతిరుమాలు తీసి ఇచ్చి, వాన తగ్గేదాకా వరండాలో కూర్చుంటానని వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే నల్లకోటు, మెరిసే బూట్లు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన మెట్లెక్కాడు. రెక్టరు ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని, పేరైనా అడక్కుండా గదిలోకి తీసుకుపోయాడు. నిమియా చీపా రొట్టెల పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి మాటలు ముదిరాయి.

"ఇక్కడ పాసైనవాళ్ళకి ఉద్యోగాలొస్తాయా?" అని అడుగుతున్నాడు వచ్చినాయన.

"అందరికీ వస్తాయి."

"అందరికీనా?"

"ఒకవేళ ఎవరికైనా రాకపోతే మేమే ఇస్తాం! మా పిల్లల్ని మేం రోడ్డు మీద వదిలేస్తామా?"

"ఆ మాట రాసిస్తారా?"

రెక్టరు పొంగిపోయాడు. నిమియా చేత పళ్ళెం బల్ల మీద పెట్టించి, అప్పటికప్పుడు టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర ఒకటి చాలదన్నట్టు రెండు వేశాడు. వచ్చినాయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"సంతోషం రెక్టరు గారూ. నా పేరు అబ్దోన్ ఫ్రుటోస్. చెరకు పండిస్తాను. మా పెర్లా మీ దగ్గర అకౌంటింగ్ పాసై రెండేళ్ళుగా ఇంట్లో కోళ్ళకి మేత వేస్తోంది. గొడవ పెట్టుకుందామనే కోటేసుకుని వచ్చాను. మీరు ఇంత మంచివారని తెలియదు. సోమవారం పంపనా?"

రెక్టరు నోట్లో చీపా అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలాగో మింగి, "మరి సారతే ఏడీ?" అన్నాడు.

"నేనే," అంది వరండాలోంచి మేజోళ్ళావిడ. "ఫిదెలినా సారతే. మీ దగ్గర నాకు సీటు రాలేదండీ."

రెక్టరు ముఖం మొదట తెల్లబడి, తర్వాత ఎర్రబడింది.

"సారతే గారిని ఫెయిల్ చేశావా!"

"మీరే కదండీ ఒకళ్ళని..."

"నోర్ముయ్! నిన్ను ఈ క్షణమే తీసేశాను. ఫో!"

ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో అమ్మకి ఎలా చెప్పాలో తోచక నిమియా అక్కడే నిలబడిపోయింది. అబ్దోన్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయీ, నువ్వు చదివిందెక్కడ?"

"ఇక్కడేనండీ."

"అయితే రెక్టరు గారూ, మీరు తీసేసిన క్షణం నుంచి ఈ పిల్ల ఇక్కడ పాసై ఉద్యోగం లేని మనిషే కదా?" ఆయన జేబు తట్టుకున్నాడు. "కాగితంలో ఎవరికైనా అనే ఉంది."

సారతే ఆ కాగితం ఒకసారి చూపించమంది. కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదివి, తిరిగి ఇచ్చేసింది. బూట్లు తొడుక్కుంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా రెండు చీపాలు సంచిలో వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది. నిమియా తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. రెక్టరు ఆమెను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకోనూ లేదు, లెమ్మననూ లేదు.

రెండు వారాలకు నివేదిక వచ్చింది. రెక్టరు నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో కూర్చున్నాడు. సారతే ఎక్కడికి వెళ్ళినా ముందుగా తెల్లకాగితమే ఇచ్చి చూస్తుందట. ఇంతకు ముందు వెళ్ళిన చోట్ల అందరూ అభినందనలు చెప్పి ఫీజు కిటికీ చూపించారట. ఏడాది ఫీజు ముందే ఇస్తానన్నా సీటు లేదన్నది ఇక్కడ ఒక్కచోటేనట. అసలు ఖర్చు దాచకుండా చెప్పారనీ, పట్టభద్రులకు ఉద్యోగానికి రాతపూర్వకంగా పూచీ ఇస్తున్నారనీ మెచ్చుకుంది. గుర్తింపు మంజూరైంది.

"ఇదంతా నేను ముందే ఆలోచించాను," అన్నాడు రెక్టరు.

"అవునండీ," అంది నిమియా.

నివేదిక రాకముందే, అనుకున్న సోమవారమే పెర్లా వచ్చి ఉద్యోగంలో చేరింది. ఆ కాగితం సంగతి ఆమె తన స్నేహితురాళ్ళకు చెప్పింది, వాళ్ళు తమ తమ్ముళ్ళకు చెప్పారు. సెలవులయ్యేసరికి లోమా ఆసుల్‌లో చదివేవాళ్ళకన్నా పనిచేసేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కో విద్యార్థి మీద అంత శ్రద్ధ పెట్టే చోటు దేశంలోనే లేదని పత్రికలో పడింది.

ఇంతమందికీ జీతాలివ్వాలి కాబట్టి ఫీజు రెట్టింపు చేశారు. అక్కడ అందరికీ సీటు రాదని అప్పటికే ఊరంతా పాకిపోవడంతో, ఎందుకు పెంచారని అడిగినవాళ్ళెవరూ లేరు.