వాల్యా తండాలో లేని పులి

మంగళవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు టేకుమట్ల మండలం వాల్యా తండా పక్క పత్తి చేనులో జమున "పులి" అని అరిచింది. చేనులో పులి లేదు. ఆ సంగతి అరిచిన జమునకు తెలుసు. ఐదుసార్లు అరవాలి, ఇంటికి వెళ్లి అన్నం వండాలి, ఎనిమిదింటి ఆటోకు డ్యూటీకి పోవాలి. ఆ ఉదయానికి ఆమె అనుకున్నది అంతే. రెండో అరుపు దగ్గర తేడా వచ్చింది.

జమునకు ముప్పై రెండేళ్లు. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. సాయంత్రం ఏడింటికి ఆటో ఆమెను మెయిన్ రోడ్డు మీద దింపుతుంది. అక్కడి నుంచి తండాకు కిలోమీటరున్నర నడక. సెప్టెంబరులో ఒక రోజు లైటు ఆర్పిన బైకు ఆమె వెనక వచ్చింది. దాని మీది మనిషి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎదురుగా ట్రాక్టరు రావడంతో వదిలేసి వెళ్లిపోయాడు. ముఖం కనపడలేదు. నంబరూ కనపడలేదు.

భర్త జైపాల్ రైస్ మిల్లులో తొమ్మిదింటి దాకా ఉంటాడు. ఎదురు వెళ్లే వీలు లేదు.

"పని బంద్ చెయ్," అన్నాడు.

"నేనేం తప్పు చేసిన?"

"తప్పు నీదని ఎవలన్నరు? తొవ్వ మంచిగ లేదంటున్న."

"తొవ్వ మంచిగ లేకుంటే తొవ్వను బంద్ చెయ్యాలె. నన్నెందుకు బంద్ చేస్తున్నవ్?"

 జైపాల్ నెల గడువు ఇచ్చాడు. ఆలోగా తనను తాను కాపాడుకోవడం నేర్చుకుంటే పని ఉంటుంది. లేకపోతే మానాలి.

మొదటి ఆదివారం జమున భూపాలపల్లిలో కరాటే మాస్టరును కలిసింది. బ్లాక్ బెల్టుకు నాలుగేళ్లు పడుతుందని ఆయన దాచకుండా చెప్పాడు.

"నాలుగేండ్లు వాడు తొవ్వల ఆగుతడా సార్?"

మాస్టర్ ఆలోచించి, ఆగకపోవచ్చని ఒప్పుకున్నాడు.

రెండో ఆదివారం జనగామలో చెల్లెలు విజయ ఇంటికి వెళ్లింది. విజయ కూతురు తైక్వాండో నేర్చుకుంటోంది. తల ఎత్తుకు కాలు లేపి చూపించింది. జమున చీరలో అదే ప్రయత్నం చేసింది. కూలర్ పడింది. మూడో ఆదివారం మహబూబాబాద్‌లో మేనమామ గణపతి కర్రసాము నేర్పాడు. అది చేతికి పట్టుబడింది. కాని ఐదడుగుల కర్రతో షేర్ ఆటో ఎక్కితే మొదటి మలుపులోనే అది ఇద్దరికి తగిలింది.

"అక్కా, నువ్వన్న దిగు, కట్టెనన్న దించు," అన్నాడు డ్రైవర్.

నాలుగో వారం చిట్యాలలో ఆ ఆటోకే పంక్చర్ అయింది. పంక్చర్ షాపు చాంద్‌పాషా ఒకప్పుడు కుస్తీ పట్టేవాడు. ఎడమ చెవి ఇప్పటికీ ముద్దగా ఉంటుంది.

"పాషన్నా, కుస్తీ నేర్పుతవా?"

"ఎవల్ని పడగొట్టాలె?"

"ఎవల్నీ గాదు. ఇంటికి పోవాలె."

చాంద్‌పాషా ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూశాడు. "గట్లయితే కుస్తీ ఎందుకు? గెలుస్తనంటే ఏండ్లకేండ్లు నేర్వాలె. ఇంటికి పోతనంటే మూడు ముచ్చట్లు చాలు. చెయ్యి గుంజుకోవాలె, అరవాలె, ఉరకాలె. ముప్పై కుస్తీలు గెలిచిన నేను. ఒకసారి కత్తి పట్టుకున్నోడు ఎదురొచ్చిండు. చెప్పులు ఇడిసిపెట్టి ఉరికిన."

"కొత్త చెప్పులు గవి," అంది లోపలి నుంచి భార్య హసన్ బీ.

పాఠం చెప్పింది చాంద్‌పాషా. చెయ్యి పట్టుకున్నది హసన్ బీ. పట్టుకున్నవాడి బొటనవేలి వైపు తిప్పి గుంజాలి. వాడి నాలుగు వేళ్లతో కాదు, ఒక్క బొటనవేలితో కొట్లాడాలి. మూడో రోజుకు జమున చెయ్యి విడిపించుకుంది. హసన్ బీ గాజులు రెండు పగిలాయి. పరుగు కూడా కుదిరింది. అరుపే రాలేదు.

"గిది అరుపా? పక్కింటామెను జర చాయపత్త అడిగినట్టుంది," అంది హసన్ బీ.

"కాపాడున్రి అనాల్నా?"

"గట్ల అంటే మొగుడు పెండ్లాల లొల్లి అనుకుంటరు. టీవీ సౌండ్ పెంచుతరు."

"నీకు దేనంటే భయమో గది అరువు," అన్నాడు చాంద్‌పాషా. "కడుపులకెల్లి వస్తది."

జమునకు చిన్నప్పటి నుంచి పులి అంటే భయం.

మంగళవారం ఆమె రెండో అరుపు నిజంగానే కడుపులో నుంచి వచ్చింది. వంద అడుగుల దూరంలో తుమ్మ చెట్టు చాటున సక్రు కూర్చుని ఉన్నాడు. సక్రు మాజీ వార్డు సభ్యుడు. తండాలో అందరూ ఇంట్లో మరుగుదొడ్డే వాడుతున్నారని సంతకం పెట్టి ఫొటో దిగింది అతనే. అతని మరుగుదొడ్డిలో యూరియా బస్తాలున్నాయి. అరుపు విని చెంబు వదిలేసి తండాలోకి పరుగెత్తాడు. మొదటి ఇంటామె నీలి ఆపింది.

"గింత పొద్దుగాల చేన్లకెందుకు పోయినవ్ సక్రన్నా?"

సక్రు ముందు రెండు దారులున్నాయి. నిజం చెప్పడం ఒకటి, పులిని చూడడం ఒకటి.

"పులి తిరుగుతుందని కాపలా పోయిన. కండ్లార చూసిన. తోకనే మూడు మూరలుంది."

అప్పుడే జమున వచ్చింది. "పులి లేదు. నేనే అరిచిన. అరుసుడు నేర్సుకుంటున్న."

"పాపం, బెదిరింది," అంది నీలి. "నీళ్లు తాగు బిడ్డా."

జమున ఆ మాట ఉదయం నుంచి పదకొండు మందికి చెప్పింది. పదకొండు సార్లు నీళ్లు తాగింది. పత్తి ఏరే కూలీలు చేలోకి దిగలేదు. ఎనిమిదింటి ఆటో రాలేదు. వార్త పదింటికి మొగుళ్లపల్లి చేరేసరికి పులి నీలి దూడను తినేసింది. ఆ సమయానికి దూడ నీలి ఇంటి ముందు కుడితి తాగుతోంది.

జైపాల్ మిల్లు నుంచి వచ్చాడు. "ఇన్ని దినాలు మనిషి. ఇప్పుడు పులి. గడువు అయ్యే శనివారం దాకా ఎందుకు, ఇయ్యాలనే బంద్."

"ఆ పులిని నేనే అంటున్న గదా!"

"నువ్వు పులివే. అయినా బంద్."

మధ్యాహ్నం అటవీ శాఖ బీట్ అధికారి శృతి వచ్చింది. ఇరవై ఆరేళ్లు. వారానికి నాలుగు రోజులు అడవిలో ఒంటరిగా తిరగడం ఆమె ఉద్యోగం. చేనంతా చూసింది. పులి అడుగులు లేవు. పరుగెత్తిన మనిషి అడుగులున్నాయి. ఒక చెంబు ఉంది.

"ఈ చెంబు ఎవరిది?"

"ఎవలిదో మేడం," అన్నాడు సక్రు.

చెంబు మీద పేరు చెక్కి ఉంది. శృతి చదివింది. చెంబును సక్రు చేతికి ఇచ్చింది.

తర్వాత జమునను పక్కకు పిలిచింది. జమున సెప్టెంబరు నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది. శృతి నీళ్లు ఇవ్వలేదు. నోట్‌బుక్ తీసింది.

"ఏడింటికి ఈ తొవ్వల నీకేం కనబడుతది అక్కా?"

"ఏం కనబడది."

"పక్కన వచ్చేది కుక్కనో, పులినో, మనిషో?"

"దగ్గరికొచ్చేదాక తెల్వది."

శృతి నివేదిక నాలుగు వాక్యాలు. పులి అడుగుజాడలు దొరకలేదు. చీకటి పడ్డాక ఈ దారిలో నడిచేవారికి పక్కన ఉన్నదేమిటో తెలియదు. కెమెరాలు అమర్చి దర్యాప్తు చేయాలి. దర్యాప్తు ముగిసేదాకా దారి పొడవునా లైట్లు వేయాలి.

"అబద్ధం గదా మేడం?"

"ఏ లైన్ల ఉందో చూపియ్ అక్కా."

జమున రెండుసార్లు చదివింది. దొరకలేదు.

ఆ దారికి లైట్లు కావాలని తండా ఆడవాళ్లు రెండేళ్లలో మూడు దరఖాస్తులు ఇచ్చారు. దారి పక్కన ఇళ్లు లేవని పంచాయతీ జవాబిచ్చింది. పులి విషయంలో ఇళ్ల ప్రస్తావన రాలేదు. శుక్రవారం సాయంత్రానికి పదిహేడు స్తంభాలకు లైట్లు బిగించారు.

గడువు తీరే శనివారం జైపాల్ మిల్లులో సెలవు పెట్టి, సాయంత్రం ఏడింటికి జమునను తీసుకుని మెయిన్ రోడ్డు మీదికి వచ్చాడు. ఇద్దరూ కలిసి నడిచారు. తొమ్మిదో స్తంభం దాటాక అతను ఉన్నట్టుండి జమున మణికట్టు పట్టుకున్నాడు. ఆమె బొటనవేలి వైపు తిప్పి గుంజింది, "పులి" అని అరిచింది, ఉరికింది. తండా నుంచి పద్నాలుగు మంది కర్రలతో వచ్చారు. జైపాల్ రెండు చేతులూ పైకెత్తి లైటు కింద నిలబడ్డాడు. ముఖం కనపడింది కనుక ఎవరూ కొట్టలేదు.

"సోమవారం డ్యూటీ ఎన్నింటికి?" అని జమునను అడిగాడు.

"ఎప్పటిలెక్కనే."

జైపాల్ చేతులు దించాడు.

బైకు మనిషి దొరకలేదు. జమున రోజూ ఇరవై నిమిషాలు సాధన చేస్తోంది. వారానికొకసారి చిట్యాల వెళ్తోంది. హసన్ బీ ప్లాస్టిక్ గాజులు కొనుక్కుంది. నెల రోజుల్లో కెమెరాలకు రెండు అడవి పందులు, ఒక నక్క, నాలుగుసార్లు సక్రు చిక్కారు. దర్యాప్తు ఇంకా ముగియలేదు.