బాణం ఉండగా నోరెందుకు?

దారి అడగడం ఒక దురాచారం. దాన్ని రూపుమాపిన ఘనత ఏ సంఘ సంస్కర్తదీ కాదు, వీడియో గేములు తయారుచేసేవాళ్ళది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ గుర్తించకపోవడం నన్ను కలచివేస్తోంది.

గేములు ఆడే అలవాటు లేని పాఠకుల కోసం ఒక మాట. ఇప్పటి రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే మనమే ఒక వీరుడి వేషం కట్టి ఊళ్ళు తిరుగుతూ రాక్షసుల్ని చంపే ఆటల్లో, తెర పైభాగాన ఒక బంగారు రంగు బాణం ఉంటుంది. అది ఎటు చూపిస్తే అటు నడవాలి. ఎక్కాల్సిన గోడకు, ఇంటి గడపకు పూసినట్టు, పసుపు పూసి ఉంచుతారు. తీసుకోవాల్సిన వస్తువు తళతళ మెరుస్తూ ఉంటుంది. ఆలోచించే పని లేదు. ఎవరినీ పలకరించే పని అసలే లేదు. ఇంతకన్నా సుఖం ఏముంటుంది చెప్పండి?

నేను నిన్న మొన్న మొదలుపెట్టినవాణ్ణి కాను. టీవీకి వైర్లు తగిలించి, క్యాసెట్‌లోకి ఉఫ్ఫని ఊది ఆడిన కాలం నుంచీ ఆడుతున్నాను. నెల్లూరులో ఒక రైసు మిల్లు ఆఫీసులో ఉద్యోగం నాది. నా అసలు ఉద్యోగం ఏమిటని నా భార్య బిందును అడిగితే ఆమె వేరే మాట చెబుతుంది.

నా వయసు ఆటగాళ్ళంతా ఆ బాణాన్ని తిడతారు. పాత గేముల్లో దారి మనమే కనుక్కునేవాళ్ళం, ఊళ్ళో ప్రతి మనిషినీ కదిలించి అడిగేవాళ్ళం, కొందరు అబద్ధాలు కూడా చెప్పేవాళ్ళు, అందులోనే ఉంది మజా అంటారు. నేను వాళ్ళతో కలవను. పాత గేములు నన్ను పెట్టిన బాధలు నాకు బాగా గుర్తున్నాయి.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక కంప్యూటర్ గేములో నేను ఒక పాడుబడ్డ కోటకు వెళ్ళాలి. బాణం లేదు, మ్యాపూ లేదు. ఊళ్ళో ఒక ముసలమ్మను అడిగితే, ఫోర్డ్ దగ్గర ఎడమకు తిరగమని ఇంగ్లీషులో సెలవిచ్చింది. కత్తులూ గుర్రాలూ తిరిగే కాలంలో ఫోర్డ్ కారు ఎక్కడి నుంచి వస్తుంది? అయినా అంత పెద్దావిడ ఊరికే చెప్పదు కదా అని అడవంతా కారు కోసం వెదికాను. కారు దొరకలేదు. తోడేళ్ళు దొరికాయి.

చివరికి మా ఇంగ్లీషు లెక్చరర్ కామాక్షయ్య గారి ఇంటికి వెళ్ళి అడిగాను. నన్ను క్లాసులో చూసిన గుర్తు ఆయనకు లేదు. అయినా కూర్చోబెట్టి, ఫోర్డ్ అంటే ఏట్లో నడిచి దాటగలిగినంత లోతు ఉన్న చోటని చెప్పారు. అక్కడితో ఆగితే బాగుండేది. వంతెన లేని కాలంలో పెన్న దాటి కోవూరు ఎలా వెళ్ళేవాళ్ళో చెప్పారు. కాఫీ ఇప్పించారు. వాళ్ళ తాతగారి పెళ్ళివారు బండ్లతో సహా ఏటి ఇసుకలో దిగబడిపోయిన వైనం చెప్పారు.

చూశారా? బాణం ఉంటే ఒక సాయంత్రం మొత్తం ఆదా అయ్యేది. పైగా ఆ తరువాత ఆయన ట్రంకు రోడ్డులో ఎదురుపడినప్పుడల్లా ఆగి మాట్లాడాల్సి వచ్చింది. పాత గేముల వల్ల జరిగే నష్టం ఇటువంటిది.

అందుకే కొత్త గేములు రాగానే కళ్ళకద్దుకున్నాను. బాణం వెంట హాయిగా నడుచుకుంటూ పోతున్నాను. అంతలో ఈ వేసవిలో మా అత్త పిచ్చమ్మ వచ్చింది.

ఆమె నాకు రెండు విధాలా అత్త. మా నాన్నకు చెల్లెలు, బిందుకు తల్లి. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లెలో వరి పండించే మనిషి. నెల్లూరులో మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, కాలు కుదుటపడేదాకా మా ఇంట్లో దిగింది. హాల్లో సోఫా మీద కాలు చాపుకుని కూర్చోవడం తప్ప వేరే పని లేదు. కాలక్షేపానికి సీరియల్ పెడతానంటే వద్దంది.

"వాళ్ళు కూసున్న కాడ్నే ఏడస్తా ఉంటారు. మీ వాడయితే నడస్తా ఉండాడు. నువ్వు ఆడుకో అబ్బయ్యా, నేను చూస్తా."

మా వాడు అంటే నా గేములో వీరుడు. రాక్షసుడి కోటలో చెరపడిన రాజకుమార్తెను విడిపించడానికి బయలుదేరి ఉన్నాడు.

"ఆ పసుపు బాణం ఏంది?" అని అడిగింది కాసేపు చూసి.

"అటు వెళ్ళమని, అత్తా."

"ఎవురు చెప్పినారు?"

"గేమే చెబుతుంది."

"మరి ఊళ్ళో ఇంతమంది జనం ఉండారే, వీళ్ళు దేనికి?"

ఇన్నేళ్ళుగా ఆడుతున్నా నాకు ఈ ప్రశ్న ఎదురుకాలేదు. చూడ్డానికి అందంగా ఉంటుందని పెట్టారన్నాను. మనుషులను అందానికి పెట్టేదేందని గొణిగి, ఆ రిమోట్ ఇటియ్యమంది.

నాలుగు రోజుల్లో ఆమెకు కంట్రోలర్ మీద పట్టు దొరికింది. అయితే రాక్షసుల జోలికి పోదు. తోడేలు ఎదురైతే దారి ఇచ్చి తప్పుకుంటుంది. ఊళ్ళో అడుగుపెట్టిందంటే మాత్రం గడప గడపకూ ఆగుతుంది. బావి దగ్గర నీళ్ళు తోడేవాణ్ణి, కొలిమి దగ్గర కమ్మరిని, గుర్రాలకు మేత వేసేవాణ్ణి బటన్ నొక్కి పలకరిస్తుంది. అవతల రాజకుమార్తె కోటలో అల్లాడిపోతోందని గుర్తుచేస్తే, "అన్నం పెడతా ఉండారు గదా, ఉంటదిలే" అంది.

ఒకరోజు ఆ బాణం తీసెయ్యమని పట్టుబట్టింది. ఈగ మాదిరి కంటికి అడ్డం వస్తోందట. సెట్టింగుల్లోకి వెళ్ళి తీసేశాను. ఇక కోటకు దారి ఊరివాళ్ళనే అడగాలి. మా అత్త ఉత్సాహంగా బావి దగ్గరికి నడిచింది. నీళ్ళు తోడేవాడు ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఈ రోజు ఎండ బాగుంది అంటున్నాడు" అని చెప్పాను.

"ఎండ బాగుండేదేంది? కోట యాడుందో చెప్పమను."

మళ్ళీ నొక్కాం. ఎండ బాగుందన్నాడు. కమ్మరి దగ్గరికి వెళ్ళాం. ఆయనకూ ఎండ నచ్చింది. గుర్రాలవాడు ఇంకో అడుగు ముందుకేసి, పంటలు కూడా బాగున్నాయన్నాడు. కోట సంగతి దేవుడెరుగు, రాజుగారి కూతురు చెరపడిందని కూడా ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు.

అప్పుడు నాకు అర్థమైంది. బాణం ఉంది కదా అని గేము రాసినవాళ్ళు జనానికి మాటలు రాయడం మానేశారు. పొదుపంటే అది! ఒకప్పుడు ముసలమ్మ చేత కూడా దారి చెప్పించి ఎంత సిరా వృథా చేశారో తలుచుకుంటే బాధేస్తుంది. మా అత్తకు ఈ లెక్క బోధపడలేదు. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని బావి దగ్గరి మనిషి వంక జాలిగా చూసింది.

"పాపం, వీళ్ళది ఈ ఊరు గాదేమో అబ్బయ్యా" అంది.

కాలు కాస్త నిలదొక్కుకున్నాక ఆమెకు పులికాట్ సరస్సు వైపు ఒక పల్లెకు వెళ్ళాలనిపించింది. ఆసుపత్రిలో పక్క మంచం మీద ఉండి, అదే మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న పేరమ్మను చూడాలట. పేరమ్మవాళ్ళు సరస్సులో చేపలు పట్టి బతుకుతారు. ఆమె కొడుకు ముఖేష్‌కు ఫోన్ చేస్తే లొకేషన్ పంపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్‌లో ఉండేదీ బాణమే కదా.

సూళ్ళూరుపేట నుంచి సరస్సు వైపు తిరిగి, బాణం చెప్పిన చోటల్లా మలుపు తీసుకున్నాను. రొయ్యల గుంటల మధ్య గట్టు మీదికి ఎక్కాం. గట్టు అయిపోయింది. ఎదురుగా నీళ్ళు. ఇంకా తిన్నగా వెళ్ళమని ఫోన్ మర్యాదగా చెప్పింది. లొకేషన్ పంపినప్పుడు ముఖేష్ పడవలో ఉన్నాడని తరువాత తెలిసింది. అప్పటికి అతని ఫోన్ అందడం మానేసింది.

కారును గట్టు మీద భయంభయంగా వెనక్కి నడిపి ఊరి మొదటికి వచ్చాను. టీ అంగడి ముందు ఇద్దరు యువకులు బైకు మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. పేరమ్మ ఇల్లు ఎక్కడని అడిగాను.

"లొకేషన్ పెట్టించుకోండన్నా" అన్నాడు ఒకతను, తల ఎత్తకుండా.

"పెట్టించుకున్నామయ్యా. నీళ్ళలో ఉంది."

"అయితే ఇంకోసారి పెట్టించుకోండి."

వాళ్ళను చూస్తే నాకు ముచ్చటేసింది. ఈ తరానికి ఢోకా లేదు. మా అత్త మాత్రం అప్పటికే కర్ర పట్టుకుని కారు దిగింది. అంగడి పక్క నీడలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గరికి పోయి నిలబడింది.

"ఏ పేరమ్మ? మా ఊళ్ళో చానామంది ఉండారు" అన్నాడాయన.

"మోకాలు చేపిచ్చుకునిందే, ఆమె."

"ముత్యాలయ్య పెళ్ళామా? అట్టా చెప్పు మరి. మీరు యాడోళ్ళు?"

ఆయన పేరు పోలేరయ్య. ఆయనకూ మోకాళ్ళ నొప్పులే. ఆపరేషన్‌కు మత్తు ఎట్టా ఇస్తారో, మెట్లు ఎక్కడానికి వీలవుతుందో లేదో మా అత్త చెప్పేదాకా ఆయన దారి మాట ఎత్తలేదు. ఎత్తాక ఇలా చెప్పాడు.

"ఎనక్కి పొయ్యి ఐసు ఫ్యాక్టరీ కాడ ఎడమ పక్కకి తిరగండి. నీలం పడవ బోర్లేసి ఉంటది. దాని ఎదురిల్లు. కుక్క మొరగతాది, కరవదు."

పాఠకులారా, నా ఒళ్ళు ఝల్లుమంది. ఒక మనిషి నాకు ఇట్లా దారి చెప్పి ఎన్నేళ్ళయింది! మలుపు, గుర్తు, ఎదురయ్యే జంతువు, దాని స్వభావం. పాత గేముల్లో అచ్చం ఇలాగే చెప్పేవాళ్ళు. వెంటనే తేరుకుని, ఇది బలహీనత అని నన్ను నేను మందలించుకున్నాను.

మందలించుకోవడమే మంచిదైంది. దారి అడిగిన పాపానికి ఏమేం అనుభవించామో వినండి. పోలేరయ్య నోటిమాటతో ఆగక కారెక్కి కూర్చున్నాడు. కుక్క నిజంగానే కరవలేదు కాబట్టి వెనక్కి తిరిగే సాకు కూడా దొరకలేదు. పేరమ్మా మా అత్తా మోకాళ్ళు పక్కపక్కన పెట్టి కుట్లు పోల్చుకున్నారు, ఎవరి కాలు ఎంత వంగుతుందో పందెం వేసుకున్నారు, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ముత్యాలయ్య పీతల పులుసు వద్దన్నకొద్దీ వడ్డించాడు. పోలేరయ్య డాక్టరుకు చూపించుకోవడానికి నెల్లూరు వస్తాడట, బస్సు దిగి నేరుగా మా ఇంటికే వస్తాడట. మేము బయలుదేరేటప్పుడు ఎండు రొయ్యల మూట ఒకటి డిక్కీలో పెట్టారు. ఎన్నిసార్లు కడిగినా కారు ఆ వాసన వదలడం లేదు.

బాణం సరిగ్గా పనిచేసి ఉంటే, పేరమ్మను చూసి, కాఫీ తాగి, పొద్దుండగానే ఇల్లు చేరేవాళ్ళం.

"మంచోళ్ళు" అంటూనే ఉంది మా అత్త దారిపొడవునా. అదే కదా చిక్కు. ఒకసారి మంచివాళ్ళని తెలిశాక వాళ్ళతో ఎంత పని పడుతుందో!

నిన్న ఆదివారం పొద్దున నేను గేటు బయట ఆ కారునే కడుగుతుంటే, స్కూటర్ మీద ఒకాయన వచ్చి ఆగాడు. సంజీవరావు గారి ఇల్లు ఎక్కడని అడిగాడు. మేము ఈ వీధిలో ఇల్లు కట్టుకుని చాలా కాలమైంది. ఆ పేరు విన్నట్టే లేదు.

"తెలీదండీ. లొకేషన్ పెట్టించుకోండి" అన్నాను.

"ఫోన్లో చార్జింగ్ అయిపోయిందన్నా."

అలాంటి మనిషికి ఎవరు మాత్రం ఏం సాయం చేయగలరు? అయినా చేతులు తుడుచుకుని, నా ఫోన్ తీసి, మ్యాప్‌లో సంజీవరావు అని కొట్టి చూశాను. ఏమీ రాలేదు. ఇంతలో వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న మా అత్త గొంతు వినిపించింది.

"ఎదురిల్లే గదా అబ్బయ్యా. లోపల గడియ పెట్టుకుంటాడు, గట్టిగా పిలవమను."

ఆయన గట్టిగా పిలిచాడు. ఎదురింటి తలుపు తెరుచుకుని, భుజాన తువ్వాలుతో ఒక పెద్దమనిషి బయటికొచ్చాడు. ఆయన్ను నేను రోజూ కారు అద్దాల్లోంచి చూస్తూనే ఉంటాను. వచ్చినాయనను లోపలికి పంపి, మా వరండా వైపు చెయ్యెత్తాడు.

"కాలు ఎట్టుంది పిచ్చమ్మగారూ?"

"నడస్తా ఉండా. మీ ఆమెకు బీపీ దిగిందా?"

దిగిందన్నాడు. అప్పుడు ఆయన చూపు నీళ్ళ పైపు పట్టుకుని నిలబడిన నా మీద పడింది. పైనుంచి కింది దాకా చూశాడు.

"ఎవరమ్మా ఆయన, మీ చుట్టాలా?"

"మా అల్లుడు లెండి" అంది మా అత్త. "ఇక్కడే ఉంటాడు."