రద్దీగల రేంజర్ స్టేషన్ సంక్షిప్త చరిత్ర

మానవజాతి సాధించిన ఘనకార్యాలు మూడు: నిప్పు, చక్రం, సందర్శకుల రిజిస్టరు. మొదటి రెండూ లేకపోయినా కొండల్లోని ఆ రేంజర్ స్టేషన్ ఎలాగో నెట్టుకొచ్చేది. మూడోది లేకపోతే మాత్రం దానికి చరిత్రే లేదు.

స్టేషన్‌ను శిఖరం మీద కట్టాలని మొదటి ఉత్తర్వు. సిమెంటు మోస్తున్న కంచరగాడిద సగం దారిలో కూర్చుంది. ఎంత బతిమాలినా లేవలేదు. దాంతో అక్కడే కట్టేసి, ఉత్తర్వులో 'శిఖరం' కొట్టేసి 'అనువైన స్థలం' అని దిద్దారు. (క్షేత్రస్థాయి సిబ్బంది అభిప్రాయాన్ని ప్రధాన కార్యాలయం మన్నించిన సందర్భం ఇదొక్కటే.)

రెండు గదులు, రేకుల కప్పు, ఒక గేటు. అందులో రేంజరూ ఆయన భార్యా పందొమ్మిదేళ్లుగా ఉంటున్నారు. పదకొండు కిలోమీటర్లు నడిచి ఎక్కాలి కనుక నిరుడు వచ్చిన సందర్శకులు నలుగురు. వారిలో ఇద్దరు దారితప్పినవారు.

అప్పుడు దిగింది సర్క్యులర్. ఏడాదికి మూడు వందల మంది రాని స్టేషన్లు మూసివేత, సిబ్బంది ఫైళ్ల విభాగానికి బదిలీ. రేంజర్‌కు అన్నం సహించలేదు.

"చిరుతలతో వేగాను గానీ ఫైళ్లతో ఎక్కడ వేగను?"

"ముందు ఇది చెప్పండి. సందర్శకులంటే ఎవరని రాశారు?" అంది భార్య.

"గేటు బయటినుంచి లోపలికి వచ్చే ప్రతి వ్యక్తీ."

"మరి నేను వ్యక్తిని కానా? రోజుకి నాలుగుసార్లు ఊట దగ్గరికెళ్లి నీళ్లు తెస్తున్నాను. పెన్ను ఇలా ఇవ్వండి. ఇక్కడ గాలి బాగుంటుంది, పైగా మీ అక్కయ్య ఇంత ఎత్తు ఎక్కలేదు. నేనైతే కిందికి రాను!"

ఆనాటి నుంచి రిజిస్టరు కళకళలాడింది. 'వచ్చిన పని: నీళ్లు. అభిప్రాయం: సిబ్బంది మర్యాదస్తులు.' (మాటామాటా వచ్చిన రోజుల్లో: 'సిబ్బంది ప్రవర్తన మెరుగుపడాలి.') ఏడాది తిరిగేసరికి సందర్శనలు పద్నాలుగు వందలు దాటాయి. మొగుడూపెళ్లాలిద్దరూ అంత సంతోషంగా ఎన్నడూ లేరు.

ప్రధాన కార్యాలయం కూడా సంతోషించింది, ఆ వెంటనే కంగారుపడింది. ఇంత జనం తాకిడికి వన్యప్రాణులు ఏమైపోవాలి? రద్దీ నియంత్రణాధికారి పదవి పుట్టింది. ఆయన రోజుకు ఒక్కరికే ప్రవేశమని, అదీ యాప్‌లో అనుమతి తీసుకున్నాకేనని నిర్ణయించారు. (ఫోన్ సిగ్నల్ పదకొండు కిలోమీటర్ల దిగువన లభిస్తుంది.) నిబంధన మొదలైన రోజునే, రద్దీని కళ్లారా చూద్దామని ఆయనే రొప్పుతూ కొండెక్కి రిజిస్టరులో సంతకం చేశారు.

సరిగ్గా అప్పుడే రేంజర్ భార్య రెండు బకెట్లతో గేటు దగ్గరికి వచ్చింది. రేంజర్ నిబంధన దాటని మనిషి.

"ఇవాళ్టి కోటా అయిపోయింది," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"బాగుంది సంబరం! పొయ్యి మీద గిన్నె మాడుతోంది."

"సారు లోపలున్నారు. కాస్త ఓపిక పట్టు."

"బకెట్లు పట్టుకున్నాను చాలదూ?" అని ఆమె గేటు బయట బండమీద కూలబడింది.

అధికారి వరండాలో అరగంట కూర్చున్నారు. కొండల్ని చూసి మురిసిపోయారు. దాహమేసి మంచినీళ్లు అడిగారు.

"గేటు బయట ఉన్నాయి సార్," అన్నాడు రేంజర్.

వెళ్లేముందు ఆయన, పద్ధతి ప్రకారం, రిజిస్టరులో మిగిలిన గడులు పూరించారు. వచ్చిన పని: రద్దీ నియంత్రణ. అభిప్రాయం: అరగంటలో ఒక్క సందర్శకుడూ రాలేదు. మూసివేయవచ్చు.