నూకరత్నం రీడింగు

చేత్తో పట్టుకునే లేజరును ఇంట్లో తయారు చేసుకునేవాళ్లు, డయోడు బిగించే ముందు ఆ ఇంటి ఇల్లాలిని సర్క్యూట్‌లో బిగించి చూసుకోవాలన్న నిబంధన వచ్చి నాలుగేళ్లయింది కాబట్టి, ఆ సోమవారం పొద్దున్న నూకరత్నం తలంటుకోవడం మానుకుని, ఆరిన చీర కట్టుకుని, వరండాలో పీట వేసుకుని కూర్చుంది. తలంటుకుంటే జుట్టు తడి ఒక పట్టాన ఆరదు. తడి ఉంటే రీడింగు తప్పొస్తుంది. ఈ సంగతి నిబంధనల పుస్తకం పదకొండో పేజీలో ఉంది.

లేజరు కావలసింది ఆమె మొగుడు తాతాజీకి. అతను చేపల చెరువుల మీద నీళ్లలోకి గాలి కొట్టే మిషన్లు బాగు చేస్తాడు. చినలంకలపాడు చుట్టూ ఎటు చూసినా చెరువులే. చేపపిల్ల వేసిన మర్నాటి నుంచే నీటికాకులు దిగుతాయి. అవి టపాకాయలకు అలవాటు పడ్డాయి, వలలకు అలవాటు పడ్డాయి, తాతాజీ తిట్లకైతే మొదటిరోజే అలవాటు పడ్డాయి. ఆకుపచ్చ లేజరు చుక్క ఒక్కటే వాటికింకా కొత్త అని ఎవరో చెప్పగా, అతను పాత సామాన్లలోంచి మూడు డయోడ్లు ఏరుకొచ్చాడు.

లేజరులో వెలుగిచ్చేది డయోడే. అది మహా సుకుమారం. కరెంటు ఒక చిటికెడు ఎక్కువైతే చాలు, రెప్పపాటులో పోతుంది. అందుకని బ్యాటరీకీ దానికీ మధ్య డ్రైవర్ సర్క్యూట్ అని ఒకదాన్ని కూర్చోబెడతారు. అందులో చిన్న మర ఉంటుంది. కరెంటు ఎంత వెళ్లాలో ఆ మర తిప్పి నిర్ణయిస్తారు. తిప్పేటప్పుడు అసలు డయోడును దగ్గరికి రానివ్వరు. దాని బదులు డమ్మీ లోడు అని ఒకటి పెట్టి, ఎక్కువా తక్కువా అంతా దానిమీదికే పంపి, మీటరు చూసుకుంటారు. పూర్వం దీనికి బజార్లో దొరికే చిల్లర సామాను వాడేవారు. అది సరిగ్గా దొరకడం లేదని కమిటీ వేశారు. వచ్చిందంతా భరించేదీ, తను వెలగనిదీ, వేడెక్కినా చెప్పనిదీ, ఎక్కడికీ పోనిదీ ఒకటి ప్రతి ఇంట్లోనూ ముందునుంచే ఉందని కమిటీ గమనించింది. ఆ తరవాత ఆ చిల్లర సామాను ఎవరూ కొనలేదు.

లోడు తనిఖీ అధికారి కనకాచార్యులు గారు తొమ్మిదింటికల్లా వచ్చారు. నెమ్మదస్తుడు. చెప్పులు బయట విడిచి, మజ్జిగ తాగి, గ్లాసు తనే పక్కన పెట్టి, అప్పుడు ఫారం తీశారు.

"చదువెంతమ్మా?"

"ఎనిమిదండి."

"అచ్చంగా సరిపోయింది," అన్నారాయన మెచ్చుకోలుగా.

ఎనిమిదో తరగతి దాటినవాళ్లలో కరెంటు సాఫీగా పారదని, ఎక్కడో ఒకచోట అడ్డం తగులుతుందని కమిటీ లెక్క తేల్చింది. నూకరత్నాన్ని బడి మాన్పించిన రోజున వాళ్ల నాన్నకు ఈ లెక్క తెలియదు. ఊరికే మాన్పించాడు. అయినా కుదిరింది.

ఫారం అడుగున ఇంకో గడి ఉంది. 'తరవాతి లోడు' అని. అందులో ఇంటి పెద్దకూతురి పేరు రాస్తారు. రాసిన రోజే బడికి ఉత్తరం వెళ్తుంది, పిల్లను ఎనిమిది దాటనివ్వద్దని. నూకరత్నం కూతురు ప్రణవి ఒకటో తరగతి. జలుబు చేసిందని ఆ పూట బడికి పంపలేదు. గుమ్మంలో కూర్చుని ముక్కు తుడుచుకుంటూ అంతా చూస్తోంది.

"ఆ గడి ఇప్పుడు నింపుతారా అండి?" అంది నూకరత్నం.

"అబ్బే, ఎందుకు? ఈ లోడు పాడైతేనే."

తాతాజీ ఎర్ర వైరు ఆమె ఎడమచేతి ఉంగరానికి, నల్ల వైరు కుడికాలి మట్టెకి తగిలించాడు. మీటరు ముల్లు మెల్లగా లేచింది.

"ఇక ఏమీ ఆలోచించకూడదమ్మా," అన్నారు ఆచార్యులు గారు.

"ఆయ్."

తాతాజీ మర తిప్పడం మొదలుపెట్టాడు. ముల్లు ఎగిరింది.

"ఏమే, మళ్లీ ఏదో ఆలోచించావ్!"

"పొయ్యి మీద పాలున్నాయండి."

పాలు దించి వచ్చింది. మళ్లీ తగిలించారు. ముల్లు మళ్లీ ఎగిరింది.

"ఇప్పుడేంటే?"

"పిల్ల దగ్గిందండీ."

"పిల్లలన్నాక దగ్గుతారు. నువ్వు చల్లగా కూర్చోలేవా?"

గోడ అవతల బట్టలారేస్తున్న పాపాయమ్మ తల పైకెత్తింది. ఆమె ఇప్పటికి నాలుగుసార్లు లోడుగా కూర్చున్న మనిషి.

"అత్తగారిని తలుచుకోవే రత్నం, ముల్లు దెబ్బకి పడిపోద్ది. నేనలాగే చేశాను. చూడు, నా జుట్టెలా ఉంగరాలు తిరిగిందో! పార్లరుకెళ్లే పని తప్పింది."

నూకరత్నానికి నవ్వొచ్చింది. నవ్వితే ముల్లు నిలకడగా ఉందని ఆచార్యులు గారు గబగబా రీడింగు రాసుకున్నారు. తాతాజీ వైర్లు ఊడదీసి, ఊపిరి బిగబట్టి, మొదటి డయోడు బిగించాడు.

టప్‌మంది. సన్నగా పొగ లేచింది.

ఎందుకు పోయిందో నూకరత్నానికి తెలుసు. సర్క్యూట్‌లో బుడిపెలా కెపాసిటర్ అని ఒకటుంటుంది. లోడు తీసేశాక కూడా అది కొంత కరెంటు కడుపులో దాచుకుంటుంది. దాని రెండు కాళ్లూ ఏ ఇనుపముక్కతోనో కలిపి ఖాళీ చెయ్యకుండా డయోడు పెడితే, దాచుకున్నదంతా ఒక్కసారే దానిమీద కక్కుతుంది. మొగుడు పనిచేస్తుంటే పదేళ్లుగా పక్కన టార్చిలైటు పట్టుకు నిలబడేది ఆమే. అతను మర్చిపోయినప్పుడల్లా చూసింది, మర్చిపోనప్పుడూ చూసింది.

"ఏవండీ, ఆ బుడిపె..."

"లోడు మాట్లాడకూడదమ్మా," అన్నారు ఆచార్యులు గారు. "మాట్లాడితే ముల్లు వణుకుతుంది."

సరే అని ఊరుకుంది. మళ్లీ మర తిప్పారు, మళ్లీ రీడింగు రాసుకున్నారు, మళ్లీ వైర్లు తీశారు. తాతాజీ రెండో డయోడు చేతిలోకి తీసుకుని బుడిపె వంకైనా చూడలేదు. నూకరత్నం చూసింది. నిజం చెప్పాలంటే, ఈసారి ఆ టప్ కోసం కాస్త ఎదురుచూసింది కూడా.

టప్.

పాపాయమ్మ గోడ అవతల కిసుక్కుమంది. నూకరత్నం పెదవి కొరుక్కుంది. తాతాజీ వైర్లు మళ్లీ ఉంగరానికీ మట్టెకీ తగిలించాడు. ఆచార్యులు గారు మాత్రం పెన్ను మూత తీసి, ఫారం అడుగుభాగం పైకి మడిచారు.

"ఒకే లోడు మీద వరసగా రెండు పోయాయంటే, లోడు పాడైనట్టే. నిబంధన. పాప పేరేంటి తల్లీ?"

ముల్లు ఆ చివరికి పోయి, అంచుకు కొట్టుకుని, అక్కడే ఉండిపోయింది.

నూకరత్నం లేచింది. ఉంగరం దగ్గర వైరు తనే పీకింది, మట్టె దగ్గరది తనే పీకింది. వంటింట్లోకి వెళ్లి అట్లకాడ పట్టుకొచ్చింది. బుడిపె కాళ్ల మీద దాన్ని అడ్డంగా ఆనించింది. చిటుక్కుమని నీలం రవ్వ ఒకటి లేచి ఆరిపోయింది.

"ఇప్పుడు బిగించండి," అంది మొగుడితో.

తాతాజీ బిగించాడు. ఆకుపచ్చ చుక్క గోడ దాటి, పాపాయమ్మ దండెం దాటి, చెరువుగట్టు మీది కర్ర దాకా పోయింది. కర్ర మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి చుక్క వంక ఒకసారి, మనుషుల వంక ఒకసారి చూసి లేచిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆచార్యులు గారికి పెద్ద చిక్కొచ్చి పడింది. సర్క్యూట్‌ని లోడే సరిచేస్తే రాయడానికి ఫారంలో గడి లేదు. సరిచేసేది లోడు కాదు. లోడు కాకపోతే అది ఆ ఇంట్లో ఇంకేమిటో రాయడానికీ గడి లేదు. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. అధికారులు ఆలోచించవచ్చు.

"ఇలా చేద్దామమ్మా. 'యజమాని లోపం గుర్తించి సరిచేశారు' అని రాస్తాను. అప్పుడు లోడు బాగున్నట్టే. లోడు బాగుంటే ఈ ఏటికి పాప పేరుతో పనిలేదు. వచ్చే జూన్‌లో మళ్లీ ఆఫీసుకొచ్చి, లోడు ఇంకా బాగానే ఉందని ఒక సంతకం పెట్టాలి. ఏటేటా అంతే."

"నేనూ ఆ కెపాసిటర్ సంగతే అనుకుంటున్నానండి," అన్నాడు తాతాజీ వినయంగా. "నోటిదాకా వచ్చింది."

"రాయండి," అంది నూకరత్నం. "కానీ ఆ అడుగు గడి నాకు చూపించండి."

ఆచార్యులు గారు చూపించారు. ఆమె ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. గడి ఖాళీగానే ఉంది. ఆయన చేతిలోని పెన్ను అడిగి తీసుకుని, ఖాళీలో ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేకుండా అడ్డంగా గీత గీసింది. గీత వంకరపోయింది గానీ, గట్టిగా పడింది. ఒక ఏడాది. అంటే పిల్ల రెండో తరగతిలోకి వెళ్తుంది. నూకరత్నం పాలు తోడెయ్యడానికి వంటింట్లోకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి పీట ఖాళీగా లేదు. ప్రణవి ఆరిన గౌను మోకాళ్ల కిందికి లాక్కుని బుద్ధిగా కూర్చుంది. ఎర్ర వైరు చిటికెనవేలికి చుట్టుకుంది, నల్ల వైరు కాలి పట్టీకి తగిలించుకుంది. బ్యాటరీ తాతాజీ ఎప్పుడో తీసేశాడు, భయమేమీ లేదు.

"అమ్మా, చూడు. నేనేమీ ఆలోచించట్లేదు."

చెప్పులు వేసుకుంటున్న ఆచార్యులు గారు వెనక్కి తిరిగి చూశారు. "ఎంత నిలకడ!" అన్నారు. తాతాజీ ముఖం వెలిగింది.

నూకరత్నం గబగబా వచ్చి పిల్ల ముందు కూర్చుంది. ముక్కు తుడిచింది. భుజాలు రెండూ పట్టుకుని సర్దింది.

"నడుం నిటారుగా పెట్టు తల్లీ, వంగితే రీడింగు తప్పొస్తుంది," అంది, ఏమీ ఆలోచించకుండా.