బురదంటని అంచనా

ఇకపై చిత్తడి నేలల్లో ఎన్ని రకాల మొక్కలున్నాయో తెలుసుకోవడానికి ఎవరూ బురదలో దిగనక్కర్లేదని, కూర్చున్నచోటు నుంచే కంప్యూటర్ చెప్పేస్తుందని మంత్రిగారు ప్రకటించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవారు చిత్తడి నేలల శాఖ డైరెక్టరుగారు. కంప్యూటర్ వేసే ఆ లెక్క తయారుచేసింది ఆయనే. పైగా నెలాఖరుకు ఆయన రిటైర్మెంటు. సర్వీసు పొడిగింపు ఫైలు మంత్రిగారి బల్లమీదే ఉంది.

మర్నాడు మంత్రిగారు ఆయన్ని పిలిపించారు.

"నీటి లోతు, మట్టి తీరు చెబితే ఏ మొక్కలుంటాయో చెప్పేస్తుందన్నమాట?"

"అవును సార్. ఊరి పక్క మడుగులో కలువ, జమ్ము, తుంగ... బోలెడు రకాలు చూపిస్తోంది. ఒక్కసారి దిగి సరిచూస్తే..."

"మీ లెక్క మీద మీకే నమ్మకం లేదా?"

డైరెక్టరుగారు బల్లమీది ఫైలు వైపు చూసి, ఉందన్నారు.

"మొక్కలన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉంటే ఇక మడుగెందుకండీ? పూడ్చేసి మీ శాఖకు భవనం కట్టిద్దాం. మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

ఇంత ముందుచూపు మామూలు మనుషులకు ఉండదు.

"పెళ్లైన కొత్తలో ఆ మడుగులోనేగా మోకాళ్లదాకా దిగి నాకు కలువ కోసుకొచ్చారు?" అంది ఇంట్లో సంగతి విన్న భార్య.

"ఇప్పుడు స్క్రీన్ మీద ఎన్ని కావాలంటే అన్ని చూపిస్తాను."

"ఏ గ్లాసులో పెట్టుకోమంటారు వాటిని?"

డైరెక్టరుగారికి బాధేసింది. బాధపడుతూనే తెల్లారి మడుగు పూడ్చడానికి సంతకం పెట్టారు. సాయంత్రానికి పొడిగింపు ఉత్తర్వు వచ్చింది.

మడుగు పోయాక లెక్కకు తిరుగే లేకుండా పోయింది. కంప్యూటర్ ప్రతి నివేదికలోనూ మొక్కల రకాలు పెంచుకుంటూ పోయింది. కాదనడానికి ఎవరికీ ఆధారం దొరకలేదు.

భవన ప్రారంభం నాటికి మళ్లీ పొడిగింపు వేళైంది. "మా అంచనాలో ఒక్క తప్పు చూపించమనండి," అంటున్నారు మంత్రిగారు వేదిక మీద. పక్కన కూర్చున్న డైరెక్టరుగారి చూపు కిందికి పోయింది. బావమరిదిగారు పరిపించిన కొత్త టైలు పగిలి, సందులోంచి పచ్చటి మొన ఒకటి లేచింది.

తుంగ. సరిగ్గా అక్కడ తుంగ ఉంటుందనే కంప్యూటర్ చెప్పింది. తన లెక్క నిజమై కళ్లెదుట మొలిచేసరికి ఆయన గుండె ఉప్పొంగింది. ముందు వరుసలో ఉన్న భార్యకు చూపించాలనిపించింది. ఆమె అప్పటికే దానివైపే చూస్తోంది.

డైరెక్టరుగారు లేచి, రెండడుగులు వేసి, దానిమీద బూటుకాలు ఆనించి నిలబడ్డారు.

"కూర్చోండి," అన్నారు మంత్రిగారు.

"మీరు నిలబడి ఉండగానా సార్?"

మంత్రిగారు కరిగిపోయి, మరో ఏడాది పొడిగింపు అక్కడికక్కడే ప్రకటించారు. సభంతా చప్పట్లు కొట్టింది, ముందు వరుసలో ఒకరు తప్ప. డైరెక్టరుగారు ఉన్నచోటు నుంచి కదలకుండా అందరికీ నమస్కరించారు.