తొంభై ఎనిమిది డిగ్రీల చలి

ఆ ఉదయం భవనం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగే వేళకల్లా గేట్‌వే పెట్టె బిగించడం అయిపోవాలి. ఆ తరువాత యజమానురాలు ఆరో అంతస్తు చూపించడానికి అద్దెకొచ్చేవాళ్లను వెంటబెట్టుకుని వస్తుంది. అప్పటికి భవనం చల్లగా, నిశ్శబ్దంగా, బుద్ధిగా ఉండాలి. చాలాకాలంగా ఖాళీగా పడి ఉన్న ఆ అంతస్తు ఈసారి కూడా ఖాళీగా మిగిలితే, తరువాత ఖాళీ అయ్యేది అతని కుర్చీయేనని ఆవిడ కిందటి వారం నవ్వుతూనే చెప్పింది. ఆవిడ నవ్వుతూ చెప్పినవేవీ ఇంతవరకూ జరక్కుండా పోలేదు.

గేట్‌వే అంటే చూడ్డానికి భోజనం డబ్బా అంత ఉంటుంది. చేసేది దుబాసీ పని. కంప్యూటర్ల గదిలోని యంత్రాలు తమ కష్టసుఖాలన్నీ నెట్‌వర్కు భాషలో చెప్పుకుంటాయి. భవనంలో ఏసీని నడిపే వ్యవస్థకు ఆ భాష ఒక్క ముక్క రాదు. ఈ పెట్టె మధ్యలో కూర్చుని ఆ మాట ఈ భాషలో చెబుతుంది. కంప్యూటర్ల గది వేడెక్కిందని వింటే ఏసీకి చెబుతుంది, ఏసీ చల్లగాలి పెంచుతుంది. ఇందులో చెడగొట్టడానికి ఎవరూ లేరు, ఇంజనీరు బావమరిది తప్ప.

బావమరిది ఆ భవనంలోనే నెట్‌వర్కు చూస్తాడు. పెట్టె బిగించే పని అతనికే ఇవ్వమని ఇంట్లో గట్టి సిఫార్సు వచ్చింది. "వాణ్ణి ఒక్క మాటన్నా నాతో మాట్లాడకండి" అని కూడా భార్య చెప్పి పంపింది. అందుకే ఇంజనీరు పొద్దుట్నుంచీ నాలుకను అదుపులో పెట్టుకుని నేలమాళిగలోని తన గదిలో కూర్చున్నాడు.

ఐదో అంతస్తులోని కంప్యూటర్ల గదినుంచి ఫోను వచ్చింది.

"బావా, అయిపోయింది. తెర మీద చూడు, ఉష్ణోగ్రత వస్తుంది."

వచ్చింది. తొంభై ఎనిమిది డిగ్రీలు.

ఇంజనీరు లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, నువ్వు బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నా. ఏం?"

"నువ్వున్న గది తొంభై ఎనిమిది డిగ్రీలట. ఈపాటికి ఉడికిపోయుండాలి."

"ఫారెన్‌హీట్ అయ్యుంటుంది బావా. నేను సెన్సారు పక్కనే కూర్చున్నా కదా, నా ఒంటి వేడి పట్టేసింది."

భార్య ముఖం గుర్తొచ్చి ఇంజనీరు నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. "అయితే కాస్త జరుగు" అన్నాడు.

బావమరిది జరిగాడు. అంకె జరగలేదు. ఈలోగా ఏసీ వ్యవస్థ ఆ మాట పట్టుకుని, భవనంలో ఎక్కడో కొంప అంటుకుందనుకుని, ఉన్న బలమంతా కూడగట్టి అన్ని అంతస్తుల్లోకీ చల్లగాలి తోలడం మొదలుపెట్టింది. చేత్తో తగ్గించబోతే కంప్యూటర్ల గది ప్రమాదంలో ఉందంటూ తెర ఒప్పుకోలేదు. కాసేపటికి ఐదో అంతస్తులో అకౌంట్స్ వాళ్లు కర్టెన్లు విప్పి కప్పుకున్నారు. క్యాషియరు చేతులకు సాక్సులు తొడుక్కుని డబ్బు లెక్కపెట్టబోయి, నోట్లు అంటుకుంటున్నాయో విడిపోతున్నాయో తెలియక మానేశాడు. చివరికి ఎవరో స్టోరు గదిలోంచి పాత హీటర్లు బయటికి తీశారు. వాటికి తోడు టీ కాచే కెటిళ్లు కూడా చేరాయి. అన్నీ ఒక్కసారి పెట్టేసరికి ఆ అంతస్తులో ప్లగ్గులకు కరెంటిచ్చే లైను టప్పుమని కొట్టేసింది.

కంప్యూటర్లు యూపీఎస్ మీద నడుస్తున్నాయి కాబట్టి అవి ఆగలేదు. హీటర్లు మాత్రం ఆగాయి. వెంటనే అకౌంట్స్ పెద్దావిడ ఫోను చేసింది.

"చంపుతున్నది చాలక హీటర్లు కూడా ఆపించారటగా. మా మీద ఏమైనా కోపముంటే ముఖం మీదే చెప్పండి."

"నేనేం ఆపించలేదండీ" అంటూనే ఇంజనీరు తెర వంక చూశాడు. తొంభై ఆరు. తొంభై మూడు. బావమరిదికి ఫోను కలిపాడు.

"ఏం చేశావురా, తగ్గుతోంది."

"తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డా బావా. నే చెప్పలా?"

"అయితే ఇంకాస్త దూరం పో."

బావమరిది వరండాలోకి వెళ్లాడు. ఎనభై. మెట్ల దాకా వెళ్లాడు. డెబ్భై. అతని ఒంట్లో ఇంత శక్తి ఉందని అతనికే ఇంతకాలం తెలియదు. "ఆగకు, పోతూనే ఉండు" అన్నాడు బావ ఆప్యాయంగా. పెళ్లయిన నాటినుంచీ అతనికి ఈ మాట అనాలని ఉంది.

సరిగ్గా అప్పుడే యజమానురాలు అద్దెకొచ్చేవాళ్లతో ఆరో అంతస్తులో అడుగుపెట్టింది. వచ్చింది ఒక రంగుల కంపెనీ పెద్దమనిషి, అతని సహాయకురాలు. యజమానురాలు "రండి" అనేసరికి నోట్లోంచి ఆవిరి వచ్చింది.

కింద ఇంజనీరు అంకెతో పాటు దిగులు కూడా దిగుతుంటే హాయిగా చూస్తున్నాడు. యాభై. ముప్ఫై. ఇరవై నాలుగు రాగానే ఏసీ విశ్రాంతి తీసుకుంది, అతనూ కుర్చీలో వెనక్కి వాలాడు. అంకె మాత్రం ఆగలేదు. పద్దెనిమిది. పన్నెండు. కంప్యూటర్ల గది గడ్డకట్టుకుపోతోందని నమ్మిన వ్యవస్థ ఈసారి వేడిగాలి అందుకుంది.

"వెనక్కి రారా, మరీ దూరం పోయావు" అని ఫోనులో అరుస్తూ ఇంజనీరు లిఫ్టెక్కాడు. ఐదో అంతస్తులో ఇద్దరూ ఒకేసారి గదిలోకి వచ్చారు. యూపీఎస్ ఒక్కటే కుయ్యోమొర్రో అంటూ కూత పెడుతోంది. దాని చిన్న తెర మీద రాసి ఉంది: బ్యాటరీ, తొమ్మిది శాతం. ఇంజనీరు తన తెర మీది ఉష్ణోగ్రతను ఫోనులో తెరిచి చూశాడు. తొమ్మిది డిగ్రీలు.

"ఒరేయ్. ఇది గది వేడి కాదు, బ్యాటరీ."

బావమరిది పెట్టెలో ఏ అంకె ఏ గడిలో రావాలో రాసిన వరసలు చూసి గడ్డం గోక్కున్నాడు. "ఇది సున్నా నుంచి లెక్కపెడుతుందనుకుంటా బావా. నేను ఒకటి నుంచి మొదలెట్టా. అన్నీ ఒక గడి పక్కకి జరిగాయి."

"మరి ఒంటి వేడి?"

"అది అప్పటికి సరిపోయింది."

లైను మళ్లీ వేసి, గడులు సరిచేసేలోపు యజమానురాలి నుంచి కబురొచ్చింది: ఇద్దరూ వెంటనే పైకి రావాలి. మెట్లెక్కుతూ ఇంజనీరు క్షమాపణ వల్లె వేసుకున్నాడు. తప్పంతా తనమీదే వేసుకోవాలని కూడా నిశ్చయించుకున్నాడు. ఉద్యోగం ఎలాగూ పోతుంది, కనీసం ఇంట్లో అన్నమైనా మిగలాలి.

ఆరో అంతస్తు హాలు పొయ్యి మీద పెనంలా ఉంది. యజమానురాలు ఫైలుతో విసురుకుంటూ అతన్ని కళ్లతోనే కాల్చేస్తోంది. రంగుల పెద్దమనిషి మాత్రం చెమట కూడా తుడుచుకోకుండా తాను వెంట తెచ్చి కిటికీ అంచున వరసగా పేర్చిన రంగు చెక్కముక్కల మీద వంగి ఉన్నాడు.

"మేడం, ఇందులో తప్పు పూర్తిగా..." అని ఇంజనీరు మొదలుపెట్టాడు.

"ఆగండి" అన్నాడు పెద్దమనిషి, తల ఎత్తకుండానే. "రాగానే గడగడా వణికించారు. ఇప్పుడు మాడుస్తున్నారు. మా ఆకుపచ్చ రంగు పెళ్లలు పెళ్లలుగా లేచింది చూడండి. చలికీ వేడికీ రంగు ఆగుతుందో లేదో పరీక్షించడానికే మేము స్థలం వెతుకుతున్నాం. ఇంత పెద్ద హాలులో, ఇంత తొందరగా రెండూ చూపించినవాళ్లు ఎక్కడా దొరకలేదు. మళ్లీ ఇలాగే చెయ్యగలరా?"

ఇంజనీరు బావమరిది వంక చూశాడు.

"రోజుకి ఎన్నిసార్లు కావాలి సార్?" అన్నాడు బావమరిది.

యజమానురాలు విసురుకోవడం ఆపింది. "మన దగ్గర ఇలాంటి ఏర్పాటు ఉందని నాకు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని ఇంజనీరును నిలదీసింది. ఈసారి కూడా ఆవిడ నవ్వుతూనే అడిగింది.

బావాబావమరుదులిద్దరూ ఇప్పుడు రోజూ పెందలాడే వచ్చి, ఆ తప్పును ఆరో అంతస్తు వరకే సరిగ్గా చెయ్యడం ఎలాగో నేర్చుకుంటున్నారు.